ఐదు క్లిప్పులు

ఐదు అడిగింది నర్సు. మూడు ఉన్నవి ఉన్నట్టుగా, రెండు విప్పి. అడిగి తీసుకెళ్ళి గంటన్నర దాటింది, అయినా ఆ అంకె క్లిప్పులిచ్చినామెని వదలడం లేదు, పంటి సందున పీచు ఇరుక్కుంటే నాలుక ఊరికే అక్కడికే పోయినట్టు. కాగితాలకు పెట్టుకునే మామూలు ఇనప క్లిప్పులు. ఆసుపత్రికి వాటితో ఏం పనో బయటివాళ్ళకి చెబితే నమ్మరు. తూటా దెబ్బతో మనిషి రాగానే, ఎక్స్‌రే తీసేముందు, ఒంటిమీద ఎక్కడెక్కడ చిల్లు పడిందో అక్కడల్లా ఒక్కో క్లిప్పు పెట్టి టేపు అంటిస్తారు. ముందువైపు చిల్లయితే విప్పిన క్లిప్పు, వెనకవైపయితే విప్పని క్లిప్పు. ఫిల్ములో చిల్లు కనపడకపోయినా ఇనుము కనపడుతుంది, తూటా ఏ దారిన పోయిందో డాక్టర్లకి ఒక అందాజా దొరుకుతుంది. క్యాజువాలిటీలో క్లిప్పుల డబ్బా ఎప్పుడూ ఖాళీయే, ఏ ఇంట్లో మాత్రం అడగ్గానే అగ్గిపెట్టె దొరికింది గనక, అందుకని నర్సు తిన్నగా ఈమె బల్ల దగ్గరికే వస్తుంది. "చిల్లులక్కా, నాలుగివ్వు" అంటుంది, "చిల్లులక్కా, ఇవాళ రెండే" అంటుంది, గుప్పెడు ఉప్పు అడగడానికొచ్చిన పక్కింటావిడలాగా. అలా, ఫిల్ముకంటే ముందు, పెద్ద డాక్టరమ్మకంటే ముందు, ఏ మనిషి ఎన్ని చిల్లులతో వచ్చాడో తెలిసిపోయేది ఈమెకి. ఇవాళ్టి రెండూ తనే విప్పింది. బొటనవేలి గోరు కింద ఇంకా మండుతోంది.

ఆపరేషన్ థియేటరు తలుపు మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది. గోడ గడియారంలో పదకొండూ ఐదు. ఒళ్ళో రిజిస్టరు, ఆకుపచ్చ అట్ట, మూలలు కుక్క నమిలినట్టయ్యాయి. డాక్టరమ్మ బయటికొచ్చి చెబుతుంది, ఈమె రాసుకుంటుంది, రెండేళ్ళుగా అదే పని. అంతకుముందు పద్నాలుగేళ్ళు ఇంట్లోనే ఉంది. ఇంట్లో ఉండటమంటే ఖాళీగా ఉండటమనుకునేవాళ్ళతో ఆమె వాదించదు, ఒక్కపూట వచ్చి ఖాళీగా ఉండి చూడమంటుంది. గణాంకాల డిగ్రీ బీరువాలో దుప్పట్ల కింద మడత నలక్కుండా పడి ఉండేది. నోటీసు బోర్డు మీద 'లెక్కలు వచ్చినవారు, నెత్తురు చూసి పడిపోనివారు కావలెను' అని డాక్టరమ్మ సొంత దస్తూరీతో అంటించిన కాగితం చూసి లోపలికి వెళ్ళింది. నెత్తురు సంగతేమిటన్న ప్రశ్నకి, "ముగ్గురు పిల్లల మోకాళ్ళు కడిగినదాన్ని" అని జవాబు చెప్పింది. డిగ్రీ కాగితం ఎవరూ అడగలేదు. మొగుడికి మాత్రం ఇది చిల్లుల ఉద్యోగం. ఊళ్ళోవాళ్ళ చిల్లులన్నీ లెక్కపెడుతుంది గానీ నా బనీను చిల్లు ఒక్కటీ కనపడదు అని ఇంటికెవరొచ్చినా ఒకసారి అంటాడు, వాళ్ళు నవ్వేలోగా తనే నవ్వేస్తాడు.

బనీను సంగతి తర్వాత. ఐదు. దూరిన తూటా బయటికైనా రావాలి, లోపలైనా ఉండాలి గనక, చిల్లులూ, లోపల మిగిలిన తూటాలూ కలిపితే సరిసంఖ్య రావాలి, డాక్టరమ్మ మొదటివారమే నేర్పిన సూత్రం అది. ఐదు బేసి, కాబట్టి లోపల ఒకటి ఉండి తీరాలి, అయిదూ ఒకటీ ఆరు, ఆరుని రెండుతో భాగిస్తే మూడు. మూడు తూటాలు. ఈ లెక్కకి డిగ్రీ అక్కర్లేదు, రెండో తరగతి చాలు. పదింపావుకి ఫోను మోగినప్పుడు కూడా ఆమె వేళ్ళు ఇదే లెక్క వేస్తున్నాయి, అవతల ఉన్నది పోలీసు ఉద్యోగంలో ఉన్న తన తమ్ముడని తెలిసి కూడా వేళ్ళు ఆగలేదు. అక్కా, మీ ఆసుపత్రికి ఒకణ్ణి తెచ్చారా, అన్నాడు. రోజుకొకణ్ణి తెస్తారు, ఏ ఒకణ్ణి, అంది. రంగులేసేవాడు. థియేటర్లో ఉన్నాడు, నీకెందుకూ? అవతల ఊపిరి చప్పుడు వినపడింది. చిన్నప్పుడు పరుగెత్తుకొచ్చి తలుపు చాటున దాక్కున్నప్పుడు ఇలాగే పీల్చేవాడు ఊపిరి. "నా తుపాకీ పేలిందక్కా. ఒక్కసారే. కాలికి తగిలింది." ఇద్దరు దొంగల్ని తరుముతున్నారట, సందు మలుపులో ఇతను కనపడ్డాడట, చేతిలో ఏదో పొడుగ్గా ఉందట, తమవైపు తిరిగాడట. "మావాళ్ళు కాగితంలో కాల్పుల్లో ఎవరిదో తూటా తగిలిందని రాశారు. దొంగలదీ కావచ్చు." దొంగల దగ్గర తుపాకులున్నాయా, అని అడిగింది. ఉండొచ్చనుకున్నాం, అన్నాడు. ఇక అసలు సంగతికి వచ్చాడు. మీ పుస్తకంలో ఏడో గడి ఉందే, కాల్చింది ఎవరు అనేది, అందులో 'తెలియదు' అని పెట్టు, అంతే, ఒక్క మాటేగా. ఏడో గడి సంగతి వాడికెలా తెలిసిందని ఆశ్చర్యపోవడానికి కూడా లేదు. తనే చెప్పింది, కంచం ముందు కూర్చోబెట్టి, వాడు ఆవలిస్తున్నా వదలకుండా, ఆ గడి పెట్టించింది నేనేనని.

పెట్టించింది ఆమే, మరి. అంతకుముందు పుస్తకాల్లో వరసగా ఒకటే మాట: తూటా తగిలింది, తూటా తగిలింది, తూటా తగిలింది. ఏదో దారిన పోయే తూటాకి ఈ మనిషి అడ్డమొచ్చినట్టు. తగిలింది సరే, విసిరిందెవరు, అని అడిగితే డాక్టరమ్మ కళ్ళజోడు పైకి తోసి చాలాసేపు ఈమెని చూసి, స్కేలు తీసుకుని తనే గీత గీసింది. పోలీసులు, ఇతరులు, తనకు తాను, తెలియదు. మొదటి ఆరునెలలూ 'తెలియదు'దే పైచేయి, మంచం పక్కన ఎవరో ఒకరు పోలీసు టోపీ పెట్టుకుని నిలబడి ఉంటే ఎవరికి మాత్రం తెలుస్తుంది? "ఈ తెలియదు అనే ఆయన ఊళ్ళో అందరికంటే ఎక్కువమందిని కాల్చాడు, ముందు ఆయన్ని పట్టుకోండి" అనేది డాక్టరమ్మ. ఆయన్ని పట్టుకోవడానికి ఈమె వార్డులో మంచాల పక్కన కూర్చుని, పిల్లల సంగతీ పక్కవాళ్ళ సంగతీ అడిగి, ఏ నాలుగో రోజో, టోపీ టీకి వెళ్ళినప్పుడు, మెల్లిగా ఆ ప్రశ్న వేసేది. అలా వందమంది 'తెలియదు'ల్లోంచి పేర్లు బయటపెట్టి, ఇవాళ తనే ఒక 'తెలియదు' రాయాలన్నమాట. ఊరికి చెప్పే నీతులు ఇంటి గడప దగ్గర ఆగిపోతాయని ఊరికే అనలేదు ఎవరో.

చెప్పుల చప్పుడు. వస్తున్నావిడకి అరవై ఉంటాయి. మెడలో కొలతల టేపు వేలాడుతోంది, తియ్యడం మర్చిపోయి కుట్టుమిషను మీదనుంచి లేచింది లేచినట్టే వచ్చేసినట్టుంది.

"ఏమ్మా, మా అల్లుడు ఇందులోనేనా?"

"రంగులేసే ఆయనా?"

"ఆయన కాదు, వాడు. ఆయన అనేంత ఏం లేదు" అని పక్కన కూలబడింది. "నర్సువా?"

"కాదు పిన్నీ. రాసుకుంటాను, దెబ్బల వివరాలు."

"రాయి, రాయి. ఎవరో ఒకరు రాయాలిగా. మా అమ్మాయి బస్సులో ఉంది, సాయంత్రానికి గానీ రాదు. దానికి కాలు విరిగిందని చెప్పాను. బస్సులో కూర్చుని చెయ్యగలిగేదేముంది, ఏడుపు తప్ప."

కాలు. కాలనే చెప్పాడు తమ్ముడూ. ఆమె తల ఊపింది, తల ఊపడం కంటే తేలికైన అబద్ధం లేదు. చెప్పెయ్యాలి, నేను ఫలానా అని. ఇప్పుడు చెప్తే ఈవిడ ఎక్కడ కూర్చుంటుంది, ఉన్నది ఒక్కటే బెంచీ. అది సాకు అని ఆమెకి తెలుసు, సాకులు పుట్టించడంలో ఆమె చెయ్యి చిన్నప్పుడే తిరిగింది. వాడికి అయిదేళ్ళు, తనకి తొమ్మిది. అమ్మ దగ్గర వాడి పప్పులు ఉడికేవి కావు. అమ్మా, గ్లాసు పగిలింది. పగిలిందా, పగలగొట్టావా? పాలు ఒలికాయి. ఒలికాయా, ఒలకబోశావా? చొక్కా చిరిగింది. చిరిగిందా, చింపావా? బళ్ళో వ్యాకరణం మాస్టారు ఏడాదంతా గొంతు చించుకున్నా ఎక్కనిది అమ్మ చీపురుకట్ట తిరగేసి ఒక్కరోజులో ఎక్కించేది, లోకంలో దానంతటదే జరిగేది ఒకటి, మనం చేసేది ఇంకొకటి అని. వాడు కళ్ళనిండా నీళ్ళతో ఇటు చూసేవాడు. గాలికి పడిందమ్మా, నేను చూశాను, అనేది తను. ఆ ఇంట్లో గాలి ఎన్ని నేరాలు చేసిందో లెక్కలేదు. కిటికీలు మూసున్న రోజుల్లో కూడా చేసింది. అమ్మకి తెలియక కాదు, తెలిసే చీపురు కింద పెట్టేది, ఒక్కోసారి నవ్వు దాచుకోవడానికి గోడవైపు తిరిగేది. తెలిసి వదిలెయ్యడం ప్రేమ అని తను అప్పుడు నేర్చుకుంది. ఏ గ్లాసుదాకా వదిలెయ్యొచ్చో మాత్రం అమ్మ చెప్పలేదు.

పోలీసు ఉద్యోగానికి అర్జీ నింపింది కూడా తనే. దస్తూరీ బావుంటుందని పేరు ఉండటం ఒక శాపం, బంధువుల అర్జీలన్నీ మన మెడకే చుట్టుకుంటాయి. వాడు అర సెంటీమీటరు పొట్టి. కొలతకి వెళ్ళే పొద్దున జుట్టు తడిపి, పైకి దువ్వి, దువ్వెనతో నిలబెట్టి పంపింది. ఆ కొలిచినాయన జుట్టుని కొలిచాడో మనిషిని కొలిచాడో, గట్టెక్కాడు. 'ఈ ఉద్యోగం ఎందుకు కోరుతున్నారు' అనే గడిలో 'బలహీనులకు అండగా నిలబడాలని' అని రాసింది. వాడు చదివి, అంతేనంటావా అక్కా, అన్నాడు. యూనిఫారం బావుంటుందని రాస్తే ఇవ్వర్రా, అంది. ఇద్దరూ పడీపడీ నవ్వారు. ఆ నవ్వు గుర్తొచ్చి ఇప్పుడు పెదవి వంకర తిరిగింది, పక్కావిడ చూస్తుందేమోనని దగ్గినట్టు నటించింది. చెడ్డవాడు కాదు. చీమల బారు కనపడితే సైకిలు దిగి నడిపించుకుపోయేవాడు. అలాంటివాళ్ళు తుపాకీ పట్టుకోకూడదు, లేదా అలాంటివాళ్ళే పట్టుకోవాలి, తొమ్మిదేళ్ళుగా ఆమె ఈ రెండింటి మధ్యా ఎటూ తేల్చుకోలేదు.

ఒక్క తూటాతో ఐదు చిల్లులు పడొచ్చా? పడొచ్చు, పుస్తకాల్లో పడొచ్చు. చేతిలోంచి దూరి పొట్టలోకి పోయిన తూటా ఒకటి కిందటేడు తన పుస్తకంలోనే ఉంది, ఒకటే, మూడు చిల్లులు చేసి లోపల కూర్చుంది. కాబట్టి ఇతని తొడలోంచి దూరి, పొట్టలో దూరి, బయటికొచ్చి, అక్కణ్ణుంచి... రెండు ముందు, మూడు వెనక. మోకాలు గడ్డానికి ఆనించి, నడుము ఇటు తిప్పి, భుజం అటు తిప్పి కూర్చుంటే కుదరొచ్చు, ఆ మనిషి రంగులెయ్యడం మానేసి సర్కస్‌లో చేరి ఉంటే. ఆమె మనసులోనే అతన్ని అటూ ఇటూ మడిచింది, ఉతికిన దుప్పటి మడత కుదరక మళ్ళీ దులిపినట్టు దులిపింది, మళ్ళీ మడిచింది. ఎంత మడిచినా ఒక మూల బయటికొస్తూనే ఉంది.

గడియారంలో పదకొండున్నర. ఎర్రదీపం అలాగే ఉంది. దీపం ఎంతసేపుంటే అంత మంచిదని ఆమె రెండేళ్ళలో నేర్చుకుంది, త్వరగా ఆరితే చెయ్యడానికి లోపలేమీ మిగల్లేదని అర్థం. రెండేళ్ళలో నూట ఎనభై ఆరుగురు. ఇతరులు కాల్చినవాళ్ళు నూట ఇరవై. గెట్టు తగాదాలూ, తాగుడూ, అనుమానాలూ, కోపంలో చెయ్యి వణుకుతుంది కాబట్టి మనిషికి రెండు చిల్లులకి లోపే, అదీ కాళ్ళకో చేతులకో. పదిమందిలో తొమ్మిదిమంది నడిచో కుంటో ఇంటికి వెళ్ళారు, వెంట అత్తమామలూ తోడల్లుళ్ళూ, సగంమంది మంచం దగ్గరే మళ్ళీ దెబ్బలాడుకుంటూ. పోలీసులు కాల్చినవాళ్ళు నలభై ఒకరు. వాళ్ళ చెయ్యి వణకదు, వణక్కుండా నేర్పిస్తారు. మనిషికి నాలుగు చిల్లులు, ఛాతీ, పొట్ట. పదిమందిలో ఆరుగురే ఇంటికి వెళ్ళారు. మొదటిసారి ఈ రెండు వరసలూ పక్కపక్కన రాసి చూపించినప్పుడు ఆమె గొంతు కాస్త ఎత్తింది, డాక్టరమ్మ నీళ్ళగ్లాసు జరిపి, అంకె చెప్పేది విను, చెప్పనిది దానిచేత చెప్పించకు, ఎందుకు అలా అన్నది ఈ పుస్తకంలో లేదు, అసలు ఆసుపత్రిదాకా రానివాళ్ళు ఏ గడిలోనూ లేరు, అంది. పుస్తకంలో లేనివి చాలా ఉన్నాయి. పోలీసులు కాల్చిన బస్సు కండక్టరు ఒకాయన, ముంజేతికి బేడీ వేసి మంచం కడ్డీకి తగిలించారు, ఒత్తిగిలడానికి లేదు, తూటా గాయం మూడు వారాల్లో మానింది గానీ వీపున పడ్డ పుండు మానలేదు. అతనికి కుట్లు విప్పే తేదీ ఈమే రాసిచ్చింది. రాలేదు. ఆ గడిలో గీత పెట్టింది. పోలీసుల వరసలో ఆ గీతలే ఎక్కువ, బతికి వెళ్ళినవాళ్ళు కూడా మళ్ళీ ఈ గుమ్మం తొక్కరు, ఎక్కడో ఏ ఆర్‌ఎంపీ చేతనో, ఇంట్లో బ్లేడుతోనో విప్పించుకుంటారు కాబోలు. ఇతరుల వరసలో ముగ్గురు పోలీసులు కూడా ఉన్నారు, కాలిస్తే వచ్చినవాళ్ళు. టోపీ ఉన్న ఒళ్ళు స్ట్రెచరు మీద కనపడ్డప్పుడల్లా ఆమె ముందు కాళ్ళవైపు చూసేది, తమ్ముడి పాదాలు పొట్టిగా వెడల్పుగా ఉంటాయి. వాడు ఆ వరసలోకి రాకూడదని రెండేళ్ళు భయపడింది. ఈ వరసలోకి వస్తాడని ఒక్కరోజూ అనుకోలేదు.

"ఎత్తంటే భయం వాడికి" అంది పక్కావిడ, ఎవరితో మొదలుపెట్టిందో మాట, మధ్యలోంచి ఇటు తిరిగింది. "నవ్వకు. నిచ్చెన ఎక్కి రంగులేసేవాడికి ఎత్తంటే భయం. పెళ్ళిచూపుల్లో చెప్పలేదు, పెళ్ళయ్యాక చెప్పాడు, దొంగ."

"మరెలా ఎక్కుతాడు పిన్నీ?"

"గోడకేసే చూస్తాడు. కిందకి చూస్తే కళ్ళు తిరుగుతాయట. ఎక్కిన దగ్గర్నుంచి దిగేదాకా తల తిప్పడు. వెనకనుంచి పిలిచినా గోడతోనే మాట్లాడతాడు. నేను అన్నం తీసుకెళ్ళి పది నిమిషాలు అరిచేదాన్ని, ఒరేయ్, మీ అత్తనిరా, గోడని కాదు, అని. కొత్తగా పొడుగుకర్ర రోలరు కొన్నాడు, ఇక ఎక్కువ పైకి ఎక్కక్కర్లేదత్తయ్యా అని పిల్లాడిలాగా చూపించాడు." ఆవిడ టేపు కొస వేలికి చుట్టుకుంది, విప్పింది. "నాకు పెద్దగా నచ్చడమ్మా వాడు. అయినా ఒక మనిషి నచ్చకపోతే మాత్రం, ఇదేమిటి?"

మావైపు తిరిగాడు, అన్నాడు తమ్ముడు. మూడు విప్పని క్లిప్పులు. కారిడార్లో ఎవరో తుడుస్తున్నారు, ఫినాయిలు వాసన ముందు వచ్చింది, మనిషి తర్వాత వచ్చాడు, కాళ్ళు ఎత్తండమ్మా అన్నాడు, ఇద్దరూ బళ్ళో పిల్లల్లాగా కాళ్ళు ఎత్తారు, తడిగుడ్డ కిందనుంచి పోయింది, కాళ్ళు దించారు. అతను లేచాక కూడా చెప్పలేడు. అది ఇప్పుడు తట్టింది. నిన్నెవరు కాల్చారు అని ఏ నాలుగో రోజో మంచం పక్కన కూర్చుని ఎంత మెల్లిగా అడిగినా, గోడ తప్ప ఏమీ చూడని మనిషి ఏం చెబుతాడు? తెలియదు అంటాడు, అది నిజమే అవుతుంది. ఇన్నాళ్ళలో ఇదే మొదటి నిఖార్సయిన 'తెలియదు'. ఎవరూ తప్పు పట్టరు. తను నోరు మూసుకుని ఊరుకుంటే చాలు, పెన్ను దానంతటదే సరైన మాట రాస్తుంది, నిబంధనల ప్రకారం. ఒళ్ళో ఫోను వణికింది. కిటికీ దగ్గరికి నడిచింది.

"రాశావా?"

"ఇంకా డాక్టరమ్మ రాలేదు."

"బతుకుతాడా?"

ఏది ముందు అడిగాడో, ఏది తర్వాత అడిగాడో ఆమె గమనించింది. గమనించకుండా ఉండాల్సిందనుకుంది. "అతను ఎటు తిరిగున్నాడురా?"

అవతల ఎక్కడో కుర్చీ లాగిన చప్పుడు, ఎవరో నవ్విన చప్పుడు.

"నిచ్చెన మీదున్నాడా?"

"ఊఁ."

"పేలిందా, పేల్చావా?"

"నువ్వు అక్కవా, అమ్మవా?" అన్నాడు కోపంగా. "నాతోపాటు అందరూ కాలుస్తున్నారనుకున్నానక్కా. వెనకనుంచి ఎవరో తుపాకీ తుపాకీ అని అరిచారు. చూస్తే నేనొక్కణ్ణే. నావైపు తిరుగుతున్నట్టే అనిపించింది, నిజం, అలాగే అనిపించింది."

"ఎన్నిసార్లు?"

"లెక్కపెట్టలేదు."

"నేను పెట్టాను" అంది. కిటికీ కింద సైకిళ్ళ స్టాండులో ఎవరో ఒక సైకిలు లాగితే నాలుగు పడ్డాయి, ఒక్కొక్కటీ లేపి నిలబెడుతున్నాడు. "ఆ అనిపించింది కూడా చెప్పు, అరుపు సంగతీ చెప్పు. అడిగేవాళ్ళు అడిగినప్పుడు ఒక్కటి కూడా దాచకుండా చెప్పు. నీకు చెప్పుకోడానికి అది ఉందిగా. అతనికి గోడ తప్ప ఏముంది?"

"నా ఉద్యోగం పోతుంది."

"పోవచ్చు."

"నన్ను నువ్వే ముంచుతున్నావు."

వాడు పెట్టేశాడు. ఆమె ఫోనుని కాసేపు చెవి దగ్గరే ఉంచుకుంది, వేడిగా ఉంది, జ్వరం వచ్చిన పిల్లవాడి బుగ్గలాగా. గాలికి పడిందమ్మా అని అనెయ్యొచ్చు ఇప్పటికీ. నోటి చివరనే ఉంది మాట, ముప్ఫై ఏళ్ళు వాడి వాడి నున్నబడిన మాట. తల్లులూ అక్కలూ అలా ఒక్కో గ్లాసూ గాలి నెత్తిన వేసుకుంటూ పోతే, చివరికి మనిషి దాకా వచ్చేసరికి పిల్లవాడు గాలినే నమ్ముతాడు. వెనక్కి తిరిగేసరికి ఎర్రదీపం ఆరింది.

డాక్టరమ్మ ముఖం మీది గుడ్డ కిందకి లాగి, ముందు టేపు వేసుకున్నావిడ దగ్గరికే వెళ్ళింది. "బతికాడమ్మా. కుడివైపు మూత్రపిండం తీసెయ్యాల్సొచ్చింది, రెండోది బావుంది, ఒకటి చాలు మనిషికి. పేగు కుట్టాం. భుజంలో తూటా తీశాం. కాలి నరం సంగతి వారం పోతేగానీ చెప్పలేను. నిచ్చెన ఎక్కడం అదీ..."

"నిచ్చెన సంగతి తర్వాత. ఊపిరుందా?"

"ఉంది."

"చాలు" అని ఆవిడ బెంచీ అంచు గట్టిగా పట్టుకుంది.

డాక్టరమ్మ ఇటు తిరిగింది. "రాసుకో. చిల్లులు ఐదు. ముందు రెండు, వెనక మూడు. లోపల ఒకటి. ఏది లోపలికి, ఏది బయటికి అన్నది మనం రాయం." ఆమె రాసింది. దస్తూరీ ఎప్పటిలాగే ముత్యాలు పేర్చినట్టుంది, సిగ్గులేని దస్తూరీ. "ఏడో గడి, వాళ్ళ కాగితంలో ఎవరిదో తూటా అని ఏదో కప్పదాటుగా ఉంది. అతను లేచాక అడుగుదువుగాని. అప్పటిదాకా తెలియదు అని ఉంచు."

తెలియదు. తన చేతికి అందించింది, పళ్ళెంలో పెట్టి, అసలు తప్పే కాకుండా చేసి. పెన్ను కాగితాన్ని తాకి చిన్న నీలిచుక్క పడింది. ఆ చుక్క నీరు తగిలినట్టు కాస్త వెడల్పవుతుంటే ఆమె చూసింది.

"అతను లేచినా చెప్పలేడండీ. గోడకేసి తిరిగున్నాడు." గొంతు ఎప్పటిలాగే వచ్చింది, కూరలో ఉప్పు తక్కువైందని చెప్పినట్టు. "నాకు తెలుసు. కాల్చింది మా తమ్ముడు. ఇందాక ఫోన్లో నాతో అన్నాడు. ఈ గడి నేను రాయకూడదు, మీరు రాయండి."

పెన్నూ రిజిస్టరూ రెండూ చాపింది. డాక్టరమ్మ వెంటనే తీసుకోలేదు. కళ్ళజోడు పైకి తోసింది, కిందకి దించింది, తర్వాత తీసుకుని గోడకి ఆనించి రాసింది, ఆవిడ దస్తూరీ కోడి గీకినట్టుంటుంది. "ఎవరు చెప్పారన్నది కూడా రాయాలి. ఏం రాయను?"

"కాల్చినతని అక్క."

"విచారణకి పిలుస్తారు నిన్ను."

"పిలవనీండి."

డాక్టరమ్మ పుస్తకం చంకలో పెట్టుకుని, ఇవాళ్టికి ఇంటికి వెళ్ళు, అని లోపలికి పోయింది. ఆమె వెళ్ళలేదు. కూర్చోవడానికి ఉన్నది ఒక్కటే బెంచీ, దాని అవతలి కొస దాకా జరిగి కూర్చుని ఉంది టేపు వేసుకున్నావిడ. ఈమె నిలబడే ఉంది.

"ఇందాకట్నుంచీ నా పక్కన కూర్చుని అన్నీ విన్నావు."

"విన్నాను పిన్నీ."

"ముందే చెప్పాల్సింది."

"చెప్పాల్సింది."

ఆవిడ టేపు మెడలోంచి తీసి గుండ్రంగా చుట్టడం మొదలుపెట్టింది, చుట్ట జారిపోతే మళ్ళీ చుట్టింది. తలుపు సగం తెరుచుకుని నర్సు తల బయటికి పెట్టింది. రంగులాయన తాలూకు ఎవరు, ఒక్కరే రావాలి, ఒక్క నిమిషం, లోపలికి సంచులు తేకూడదు. ఆవిడ లేచి నిలబడి, కాళ్ళదగ్గరున్న గుడ్డసంచీ అందుకుని, కారిడారు ఈ చివరినుంచి ఆ చివరిదాకా చూసింది. తుడిచే అతను కూడా వెళ్ళిపోయాడు. నేల ఇంకా తడిగానే ఉంది.

"ఇది చూస్తుండు" అని సంచీ ముందుకు చాపింది. "నిన్ను నమ్మి కాదు. ఇంకెవరూ లేరు గనక."

"సరే పిన్నీ" అని రెండు చేతులా అందుకుంది ఆమె.